పాత్రక్రీడలలో అన్వేషణము – దాని కూర్పు, ఆటగాని అనుభవము

మా పాఠశాలయందు పై తరగతుల బాలురును, కొందరు బాలికలును కంప్యూటరు నెదుటను సెల్‌ఫోను నెదుటను కూర్చుండి ఆడుచుండు ఆటలను గూర్చి తల్లిదండ్రులు మమ్ము తరచుగా ప్రశ్నించుచుందురు. భోజనమునకు పిలిచినను పిల్లవాడు లేవకుండునంతటి ఆకర్షణ అందేమి కలదని వారి సందేహము. "అది వ్యసనము" అని ఒక్క మాటతో బదులు చెప్పి యూరకుండుట సులభమే. కాని యొక వస్తువు మనస్సును ఏ విధముగ పట్టుకొనుచున్నదో యెరుగకయే దానిని నిందించుట గాని మెచ్చుకొనుట గాని ఉపాధ్యాయులకు తగదు. అందుచేత ఈ వ్యాసమున ఆన్‌లైన్ పాత్రక్రీడలనబడు ఆటలను, విశేషించి వానికి ప్రాణమని చెప్పదగిన "క్వెస్టు" అను అన్వేషణమును, మాకు తెలిసినంతవరకు వివరింప తలచితిమి.

పాత్రక్రీడ యననేమి?

1974వ సంవత్సరమున అమెరికా దేశమందు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు "డన్జన్స్ అండ్ డ్రాగన్స్" అను ఆటను వెలువరించిరి. అది కాగితము, పెన్సిలు, పాచికలు చేతబట్టుకొని బల్లచుట్టును కూర్చుండి ఆడునట్టిది. ఒకడు కథ నడుపును. తక్కినవారు యోధుడు, మంత్రగాడు, దొంగ – ఇట్లు తలకొక పాత్రను ధరించి, తామేమి చేయుదురో నోటితో చెప్పుదురు. ఫలితము సందేహముగా నున్నచోట పాచిక తీర్పు చెప్పును.

1978లో ఇంగ్లండునందలి ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అను విద్యార్థులు ఇట్టి లోకమును కంప్యూటరునందు నిర్మించి దానికి "మడ్" అని పేరిడిరి. అందు బొమ్మలు లేవు, సమస్తమును అక్షరములే. అయినను పలువురు వేర్వేరు చోట్ల కూర్చుండి, ఒకే లోకమున ఏకకాలమందు సంచరింపగలిగిరి. అదియే దాని గొప్పతనము. తరువాత 1997లో "అల్టిమా ఆన్‌లైన్", 1999లో "ఎవర్‌క్వెస్ట్", 2001లో "రూన్‌స్కేప్", 2004లో "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్" అను క్రీడలు వెలువడెను. వీనియందు వేలకొలది జనులు ఒకే లోకమున తిరుగుదురు. ప్రతివాడును తన పాత్రను చిన్న శక్తితో ఆరంభించి, పనులు చేసి, అనుభవపు అంకెలు సంపాదించి, మెట్టు వెంట మెట్టుగా పైకెక్కించును.

ఆ పనులలో ముఖ్యమైనది క్వెస్టు. దాని స్వరూపము సరళమైనది. ఆ లోకమున కంప్యూటరే నడుపునట్టి పాత్ర యొకటి – గ్రామపెద్దయో, వంటవాడో, సైనికుడో – తనకొక యవసరము కలదని చెప్పును. ఆటగాడు ఒప్పుకొనును, వెళ్లి ఆ పని చేయును, తిరిగివచ్చి చెప్పును, బహుమానము పొందును. శత్రువును చంపుట, వస్తువులను సేకరించుట, వార్త చేరవేయుట, ఒకనిని వెంటబెట్టుకొని క్షేమముగా గమ్యము చేర్చుట, చిక్కుముడి విప్పుట – క్వెస్టులలో అధికభాగము ఈ అయిదింటిలో ఇముడును.

మన కథలలో ఈ కూర్పు

ఈ కూర్పు మనకు క్రొత్తది కాదు. కిష్కింధాకాండమున సుగ్రీవుడు వానరులను సీతాన్వేషణమునకు పంపిన ఘట్టమును తలచుకొనుడు. పని స్పష్టము: సీత యెచట నున్నదో తెలిసికొని రావలెను. గడువు ఒక మాసము. నాలుగు దిక్కులకు నాలుగు దండులు. తూర్పునకు వినతుడు, పడమరకు సుషేణుడు, ఉత్తరమునకు శతబలి, దక్షిణమునకు అంగదుడు నాయకులు. త్రోవలో నుండు పర్వతములను, నదులను సుగ్రీవుడు వర్ణించి చెప్పెను. హనుమంతునికి రాముడు ఉంగరమును గుర్తుగా నిచ్చెను. ఇంతవరకు చెప్పినవారు, సీత ఫలానిచోట నున్నదని మాత్రము చెప్పలేదు. వారికిని తెలియదు గదా. తెలిసికొనుటయే వానరుల పని.

అందుచేతనే త్రోవలో నడచినదంతయు కథ యయ్యెను. స్వయంప్రభ యున్న బిలమున చిక్కుకొని గడువు దాటిపోవుట, ప్రాణములు విడువ నిశ్చయించి కూర్చుండుట, సంపాతి వలన జాడ తెలియుట, సముద్రము నెదుట నిలిచినపుడు జాంబవంతుడు హనుమంతునికి అతని బలమును గుర్తుచేయుట – వీనిలో ఏ ఒక్కటియు సుగ్రీవుని యాజ్ఞలో లేదు. పోయినవాడును తిరిగివచ్చినవాడును ఒక్కడే యైనను, తిరిగివచ్చిన హనుమంతుడు తన శక్తి నెరిగినవాడు.

దీనిని బట్టి మంచి యన్వేషణమునకు కావలసినవి మనము ఏర్పరచుకొనవచ్చును: చేయదగిన ప్రయోజనము, చాలినంత జాడ, కాని అతిగా కాదు, శక్తికి తగిన కష్టము, తోడు, చేసినవానిలో కలుగు మార్పు. ఈ కొలతబద్దతో నేటి క్రీడలను కొలిచి చూతము.

వంటవానికి సాయము

"రూన్‌స్కేప్"నందు క్రొత్తగా ప్రవేశించినవానికి తొలుత దొరకు క్వెస్టులలో నొకటి వంటవానికి సాయపడుట. కోటలోని వంటవాడు ప్రభువు పుట్టినదినమునకు కేకు చేయవలసియున్నది, సామగ్రి లేదు. ఒక గ్రుడ్డు, ఒక బొక్కెనెడు పాలు, ఒక కుండెడు పిండి కావలెను. వినుటకు ఇంతే. కాని పిండికై ఆటగాడు పొలమునకు పోయి గోధుమలు కోయవలెను; గాలిమర పైయంతస్తునకెక్కి గింజలను తొట్టిలో వేయవలెను; మీట త్రిప్పవలెను; క్రిందికి దిగి పిండిని కుండలో నింపుకొనవలెను. పాలకై ఆవునొద్దకును, గ్రుడ్డునకై కోళ్ల యొద్దకును పోవలెను.

బహుమానము స్వల్పము. అయినను పని ముగియునప్పటికి ఆటగానికి కోట తెలిసినది, పొలము తెలిసినది, మర యెట్లు తిరుగునో తెలిసినది, ఒక వస్తువును మరియొక వస్తువుగా మార్చవచ్చునను సూత్రము చేతికి పట్టువడినది. ఇది పాఠమని యెవ్వరును చెప్పలేదు. చేయుచు నేర్చుకొనుట యననిదియే. మా ఉపాధ్యాయవృత్తిలో మేము కోరునదియు నిదియే.

పసుపుపచ్చని గుర్తు

"ఎవర్‌క్వెస్ట్"నందు ఎవరియొద్ద క్వెస్టు కలదో తెలుపు గుర్తు లేకుండెను. ఆటగాడు ఎదురుపడిన పాత్రను పలుకరించి, మాటలు టైపు చేసి, సరియైన మాట దొరకునంతవరకు ప్రయత్నింపవలసియుండెను. ఇది శ్రమ. కాని ఈ శ్రమ వలన ఆటగాండ్రు ఒకరినొకరు అడిగి తెలిసికొనుట అలవాటయ్యెను.

2004 నవంబరులో వచ్చిన "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్" ఈ చిక్కును తీర్చెను. పని యిచ్చువాని తలపై పసుపుపచ్చని ఆశ్చర్యార్థకము వ్రేలాడును. పని ముగించి వచ్చినపుడు అది ప్రశ్నార్థకమగును. ఎవరికిని త్రోవ తప్పు భయము లేదు. ఈ సౌకర్యము చేత ఆ క్రీడ లక్షలాది క్రొత్తవారికి అందుబాటులోనికి వచ్చెను. 2009 డిసెంబరులో పని చేయవలసిన స్థలమును కూడ పటము మీద గుర్తించి చూపు ఏర్పాటు ఆ క్రీడలోనే చేర్చబడెను.

సౌకర్యమునకు వెల కలదు. స్థలము గుర్తు చూపబడిన తరువాత కథ చదువవలసిన యవసరమేమి? గుర్తు నున్న చోటికి పరుగెత్తుట, చెప్పినంతమందిని చంపుట, తిరిగివచ్చుట – ఇంతే మిగులును. ఆ క్రీడకు క్వెస్టులు కూర్చినవారిలో ముఖ్యుడైన జెఫ్ కాప్లన్ 2009లో తోటి క్రీడానిర్మాతల సభయందు ప్రసంగించుచు, తమ క్వెస్టులలోని లోపములను తానే యెత్తిచూపెను. ఒక యూరిలో ఆశ్చర్యార్థకములు గుంపుగా వెలిగినచో ఆటగాడు అన్నిటిని ఒక్కసారి ఏరుకొనును గాని దేనిని చదువడని అతడు చెప్పెను. క్వెస్టు వాచకము 511 అక్షరములను మించరాదని తమకుండిన కట్టుబాటును అతడు మేలుగానే భావించెను. తాను కూర్చినదే యైన యొక క్వెస్టును అతడు తీవ్రముగ విమర్శించెను. అందు ఒక వేటగాడు వ్రాసిన గ్రంథపు పుటలు అడవియంతటను చెదరిపోయినవి. ఆటగాడు వానిని ఏరి, వరుసగ కూర్చి, అప్పగింపవలెను. ఒకే పుట పలుమార్లు దొరకును. కావలసిన పుట దొరకదు. సంచి మాత్రము నిండిపోవును. పనిలో కష్టము కలదు గాని, ఆ కష్టమున ఆలోచింపవలసినది లేదు.

అదృష్టపు లెక్క

ఇట్టి సేకరణపు పనులలో నొక గణితము దాగియున్నది. "పది తోడేళ్ల కోరలు తెమ్ము" అని యడుగుదురు; కాని చంపిన ప్రతి తోడేలునొద్దను కోర దొరకదు! నాలుగింట ఒకసారి మాత్రమే దొరకునట్లు నిర్మాత యేర్పరచెననుకొందము. అప్పుడు పది కోరలకు సగటున 40 తోడేళ్లను చంపవలెను. ఇది సగటు మాత్రమే. ఒకనికి 30తో తీరవచ్చును, మరియొకనికి 50 దాటవచ్చును. "ఇంకొక్కటి చంపినచో దొరకునేమో" యను ఆశ ప్రతిసారియు కలుగును.

ఈ యాశకు ఎంత బలము కలదో మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు కంప్యూటరు ఆటలకు చాల ముందే గుర్తించిరి. 1957లో ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనువారు పావురములతో చేసిన తమ ప్రయోగములను గ్రంథముగా ప్రకటించిరి. మీటను ఎన్నిమార్లు పొడిచిన గింజ పడునో నిశ్చయము లేనపుడు పావురము విడువక, వేగముగ పొడుచుచునే యుండును. కావున ఒక బాలుడు రెండు గంటలు ఒకే పని చేయుచున్నాడన్నచో, అతనికి ఆ పనియందు ఆనందము కలదని వెంటనే తలంపరాదు. ఆనందము వేరు, విడువలేకపోవుట వేరు.

నలుగురు ఆటగాండ్రు

ఆటగాండ్రందరును ఒకే తీరువారు కారు. "మడ్"ను నిర్మించినవారిలో నొకడైన బార్టిల్ 1996లో ప్రకటించిన వ్యాసమున, వారిని పేకముక్కలలోని నాలుగు రంగులతో పోల్చెను. సంపదను, మెట్లను కూడబెట్టువారు డైమనులు. లోకమును త్రవ్వి తెలిసికొనగోరువారు ఇస్పేటులు. తోటివారితో మాటాడి స్నేహము చేయువారు ఆఠీనులు. ఇతరులను కొట్టి సంతోషించువారు కళావరులు. డైమను కోరునది స్పష్టమైన గమ్యము. ఇస్పేటు కోరునది గుర్తులేని త్రోవ. ఆఠీనునకు పని యొక సాకు, తోడే ముఖ్యము. ఒకే క్వెస్టు అందరిని మెప్పింపజాలదు.

దీనిని గుర్తించియే కొందరు క్వెస్టుల రూపమునే మార్చిరి. 2012లో వెలువడిన "గిల్డ్ వార్స్ 2"నందు ఎవ్వరిని అడుగకయే పని యెదురగును. శత్రువులు గ్రామముపై బడుదురు. అప్పుడచట నున్నవారందరును కలసి కాపాడవచ్చును. కాపాడినచో ఒక రీతిగను, కాపాడనిచో మరియొక రీతిగను తరువాతి కథ నడచును. గ్రామము చేజారినచో దానిని మరల గెలుచుటయే తరువాతి పని యగును. పరిచయము లేనివారు కూడ ఒక్కచోట చేరి సాయపడుటకు ఈ కూర్పు వీలు కల్పించెను.

బహుమానము చేయు మేలు, కీడు

బహుమానము లేనిదే యెవ్వడును పని చేయడని కొందరి యభిప్రాయము. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అను పరిశోధకులు ప్రకటించిన యొక ప్రయోగమును ఇచట తలపవలెను. అమెరికాయందలి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశుపాఠశాలలో రంగుకలములతో బొమ్మలు గీయుటయందు ఇష్టము గల పిల్లలను మూడు జట్లు చేసిరి. మొదటి జట్టునకు గీసినచో యోగ్యతాపత్రము నిత్తుమని ముందుగా చెప్పి యిచ్చిరి. రెండవ జట్టునకు చెప్పకయే తుదకు ఇచ్చిరి. మూడవ జట్టునకు ఏమియు లేదు. కొన్ని దినములైన పిమ్మట పిల్లలను వారి యిష్టమునకు విడిచి చూడగా, ముందుగా ఆశ చూపబడిన జట్టు తక్కినవారిలో సుమారు సగము కాలమే బొమ్మలు గీసెను. ఆట యనుకొన్నది వారికి కూలిపనిగా మారెను.

క్రీడలలోను ఇట్లే జరిగెను. "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్"నందు 2007లో దినదినము మరల మరల చేయదగిన క్వెస్టులు ప్రవేశపెట్టబడెను. మొదట దినమునకు 10కి మించరాదను హద్దు. 2008లో అది 25 అయ్యెను. 2012లో హద్దే తొలగింపబడెను. హద్దు తొలగిన తరువాత సంతోషించినవారికంటె విసిగినవారి మాటయే గట్టిగా వినబడెను. ఏలనన, చేయవచ్చునన్నది చేయక తప్పదన్నట్లు వారికి తోచెను.

2006లో ర్యాన్, రిగ్‌బీ, షిబిల్‌స్కీ అను శాస్త్రజ్ఞులు ఆటగాండ్రను పరిశీలించి, ఆటయందలి యానందము మూడు అవసరములు తీరుటపై ఆధారపడియున్నదని తెలిపిరి: తన యిష్టముతో చేయుచున్నానను స్వాతంత్ర్యము, చేయగలుగుచున్నానను సామర్థ్యము, తోటివారితో బంధము. సుగ్రీవుని యాజ్ఞతో బయలుదేరిన దండులో మనము చూచిన శక్తికి తగిన కష్టమును, తోడును ఈ మూడింటిలో నున్నవే గదా.

ఆపదయు, పరీక్షయు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మే నెలలో ఆమోదించి, 2022 జనవరి 1 నుండి అమలునకు తెచ్చిన వ్యాధుల పట్టికలో ఆటల వలని రుగ్మతకు చోటిచ్చెను. ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులన్నిటికంటె దానికే ప్రాధాన్యము నిచ్చుట, కీడు కలుగుచున్నను మానకుండుట – ఇవి లక్షణములు. సాధారణముగా 12 నెలలపాటు కనబడి, చదువును, సంసారమును చెడగొట్టునంత తీవ్రముగ నుండవలెను. చైనా ప్రభుత్వము 2021లో, 18 ఏండ్ల లోపువారు శుక్ర, శని, ఆదివారములందును సెలవుదినములందును రాత్రి 8 మొదలు 9 వరకు మాత్రమే ఆన్‌లైన్ ఆటలు ఆడవలెనని కట్టడి చేసెను. ఆడు ప్రతి పిల్లవాడును రోగి కాడు. కాని గడియారము చూచి కట్టడి చేయుట యొక్కటే చాలదని మా నమ్మకము. ఏ పని తన మనస్సును పెంచుచున్నదో, ఏది కాలమును మాత్రమే తినుచున్నదో పిల్లవాడు తానే గుర్తింపగలుగవలెను.

విద్యార్థులారా! అందుకై మూడు ప్రశ్నలు వేసికొనుడు. బహుమానము తీసివేసినచో ఈ పని చేయుదునా? చేసిన పిదప నాకు క్రొత్తగా తెలిసినదేమి? రేపు నేను రాకున్నచో నష్టమనిపించునది నా స్నేహితులకా, కేవలము అంకెలకా? మూడింటికిని జవాబు తృప్తిగా లేనిచో, ఆ పని నీది కాదు. నిన్నచట నిలిపియుంచుటకై మరియొకరు కూర్చిన పని.

ఇదే ప్రశ్నలు ఉపాధ్యాయులమైన మాకును తగులును. ఒకే తీరు లెక్కలు ఇరువది చేసికొని రమ్మనుట పది తోడేళ్ల కోరలు తెమ్మనుటకు భిన్నమా? మార్కుల ఆశ చూపి పద్యము వల్లింపజేసినచో, పరీక్ష ముగిసిన మరునాడు ఆ పద్యము ఎవరి నోట నిలుచును? గాలిమరకు పంపినట్లు పిల్లవానిని పనిలోనికి పంపగలిగినపుడే చదువు చదువగును.

తుదకు మా వంటి పాఠశాలలకు ప్రత్యేకమైన మాట యొకటి. మా పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో తమిళము, ఆటలో ఇంగ్లీషు. పైని చెప్పిన క్రీడలలో దేనియందును క్వెస్టు వాచకము తెలుగున లేదు. ఇంగ్లీషు బాగుగ రానివాడు వాచకమును విడిచి గుర్తు వెంట పరుగెత్తుటలో వింత లేదు. కథ పోయి కోరల లెక్కయే వానికి మిగులుచున్నది. మర్యాదరామన్న తీర్పులును, బాలనాగమ్మ కథలో ఏడు సముద్రముల కావల చిలుకలో దాగిన ప్రాణమును విని పెరిగిన జాతికి అన్వేషణ కథలకు కొదువ లేదు, వ్రాయువారే కావలెను.

కాబట్టి వచ్చు సంవత్సరపు సంచికకై 8, 9, 10 తరగతుల విద్యార్థులను మేము కోరునదేమనగా: తలకొక క్వెస్టును తెలుగున వ్రాసి యిండు. కంప్యూటరు అక్కరలేదు, 1974 నాటివలె కాగితము, పాచిక చాలును. పని నిచ్చువాని మాట 50 పదములను మించరాదు. బాణపు గుర్తు ఉండరాదు. బహుమానము పేర్కొనకయే ఆటగానికి వెళ్లవలెనను కోరిక పుట్టవలెను. వ్రాసినవానిని శనివారము సాయంకాలము తరగతిలోనే బల్లచుట్టు కూర్చుండి ఆడి చూతము. అందరును లేచి పోక తుదివరకు ఆడినవానిని ఈ పత్రికయందు ప్రకటింతుము.